ఇంటికి నీళ్ళు పోసే ఊరు

నిన్న సాయంత్రం మొదలైన వాన తెల్లారినా ఆగలేదు. పొద్దున నేను కాఫీ కలుపుతుంటే, జూన్ నుంచీ ఎంత తోసినా గుమ్మంలో పడనని మొండికేసిన మా పడకగది తలుపు ఎవరూ ముట్టుకోకుండానే కదిలి, టక్కుమని పడింది. ఇంకో ఊళ్ళో అయితే దయ్యమనుకుని నిమ్మకాయలు కోస్తారు. టెక్సస్‌లోని మా ఫ్రిస్కోలో మాత్రం నేల దాహం తీరిందని అర్థం. తలుపు పడ్డ మరుక్షణం ఫోను మోగింది. పేరు చూడక్కర్లేదు, మా నాన్నే. మోగనివ్వండి, ఎత్తకపోతే మళ్ళీ చేస్తాడు. ఆయన ఎందుకు చేస్తున్నాడో మీకు తెలియాలంటే, మా ఇంటికి నీళ్ళు పోయాల్సి వచ్చిన ఆ ఎండాకాలం సంగతి ముందు చెప్పాలి.

అప్పుడు నాకు పన్నెండో పదమూడో. నాన్న ముందుగా వచ్చి, కంప్యూటర్ల ఉద్యోగంలో కుదురుకుని, ఇల్లు కొని, అమ్మనీ నన్నూ పిలిపించుకున్నాడు. మా వీధి అప్పటికి భూమండలానికి చివరి వీధి. వెనక చెక్క కంచె ఉండేది. కంచెకి అవతల పత్తి చేను, పత్తి చేనుకి అవతల ఆకాశం. అంతే, ప్రపంచం సమాప్తం. ఇండియన్ స్టోర్‌కి వెళ్ళాలంటే దారిలో తినడానికి పులిహోర కట్టుకుని బయల్దేరేవాళ్ళం.

అమ్మది ఉద్యోగం చెయ్యకూడని వీసా. పల్నాడులో మా తాతకి మిరపా పత్తీ ఉండేవి. పెళ్ళికి ముందు ఆ సేద్యమంతా అమ్మే చూసేది. ఆవిడ గట్టు మీద నిలబడి కేకేస్తే మూడు చేల అవతల కూలీలు నడుం వంచేవారట, కాకులు కూడా వరసలో నిలబడేవట. అలాంటి మనిషికి ఇక్కడ కేకెయ్యడానికి నేనొక్కదాన్నే మిగిలాను. నేను మాత్రం ఎన్ని కేకలకని సరిపోతాను? వచ్చిన కొన్నాళ్ళకి అమ్మ గొంతు సన్నబడింది. కిటికీ దగ్గర కూర్చుని, వీధిలో వెళ్ళే కార్లనీ, అవి వెళ్ళిపోయాక ఖాళీ వీధినీ ఒకే రకంగా చూసేది. మా ఇంట్లో అమ్మ అరవడం మానేసిందంటే గడియారం ఆగిపోయినట్టే. నాన్నా నేనూ భయపడ్డాం.

ఒక ఆదివారం పెరట్లో గడ్డి పీకుతున్న నాన్నకి సాయం చేస్తూ అమ్మ ఒక మూల గడ్డిచాపని ఎత్తింది. ఇక్కడ గడ్డిని నిజంగానే చాపలా చుట్టి తెచ్చి పరుస్తారు. కింద కాటుకలా నల్లటి మట్టి. అమ్మ గుప్పెడు తీసి వాసన చూసింది, నీళ్ళు చిలకరించి ఉండ చేసింది, వేళ్ళ మధ్య సాగదీసింది. అప్పుడు అరిచింది. ఎన్నో నెలల తర్వాత, నిండుగా, పల్నాటి గొంతుతో.

"ఏమండీ! ఇది రేగడి! మా పొలం మట్టే! ఎవరో ఓడకెత్తి ఇక్కడ పోశారు!"

నాన్నకి ఆనందంతో కళ్ళు చెమర్చాయి. మట్టి చూసి కాదు, అరుపు విని.

ఆ సాయంత్రమే అమ్మ తీర్మానం ప్రకటించింది. "ఇర్వింగ్‌లో ఉండే ఆంటీ గోంగూర గింజలిచ్చింది. వేస్తా. బతికిందా, నేనూ ఈడే బతుకుతా. బతకలేదా, దసరాకి నేనూ పిల్లా మా ఊళ్ళో ఉంటాం. మీరు వారం వారం ఫోన్ చేసుకోండి."

నాన్న నవ్వబోయి, అమ్మ మొహం చూసి, ఆ నవ్వుని దగ్గుగా మార్చుకున్నాడు.

కంచె అవతల పత్తి చేను ఒక ముసలావిడది. వయసు డెబ్బయ్యో ఎనభయ్యో గానీ ట్రాక్టర్ మీద ఎక్కి కూర్చుంటే పాతికేళ్ళ పిల్లలా ఉండేది. నేను ఆవిడకి ట్రాక్టర్ బామ్మ అని పేరు పెట్టాను. ఆవిడ ఇంగ్లీషు టెక్సస్ ఎండలో కరిగి సాగిన ఇంగ్లీషు, ఒక్కో మాటకి రెండు మైళ్ళ పొడవు. అమ్మకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మధ్యలో నేను దుబాసీని. ఎటు మాట అటు చెప్పేదాన్ని, కాకపోతే దారిలో కొంచెం పోపు పెట్టేదాన్ని.

ఏప్రిల్‌లో బామ్మ కంచె మీద మోచేతులానించి, "హనీ, విత్తనం ఉంటే ఇప్పుడే వెయ్యమను. తర్వాత వానలుండవు" అంది.

నేను చెప్పాను. అమ్మ పక్కున నవ్వింది. "ఏరువాక రాకుండా విత్తనం వేస్తారటే? మృగశిర కార్తె రావాలి. ఆవిడకి చెప్పు."

"మా అమ్మకి ఒక నక్షత్రం పర్మిషన్ ఇవ్వాలట. ఇంకా ఇవ్వలేదట," అన్నాను బామ్మతో.

బామ్మ నవ్వుతుందనుకున్నాను. గంభీరంగా తలూపింది. "మా అమ్మ చంద్రుణ్ణి అడిగేది," అంది.

ఏప్రిల్, మే నెలల్లో కురిసింది చూడండీ, ఆకాశానికి చిల్లు పడ్డట్టు కాదు, ఆకాశం అనేదే లేనట్టు. మధ్యలో మినపగారెలంత వడగళ్ళు. పొరుగింటాయన కారు పైకప్పు మీద గుంతపొంగణాల పెనంలా గుంటలు పడ్డాయి. అమ్మ వరండాలో కూర్చుని ఆ నీళ్ళన్నీ కాలవలోకి పోతుంటే నిశ్చింతగా చూసింది. "ఇయ్యి ఎండాకాలం జల్లులు. లెక్కలోకి రావు," అంది. జూన్‌లో మృగశిర రాగానే తలంటు పోసుకుని, నేలకి పసుపూ కుంకుమా పెట్టి, తూర్పు తిరిగి దణ్ణం పెట్టుకుని గింజలు వేసింది.

ఆ రోజుతో ఆకాశం దుకాణం మూసేసింది.

మృగశిర కురిస్తే ముసలెద్దు కూడా రంకె వేస్తుందని మా వైపు సామెత. టెక్సస్‌లో మృగశిరకి కుర్రెద్దులు కూడా నీడ వెతుక్కుని నాలుక బయటపెట్టి పడుకున్నాయి. పోస్టు డబ్బాలో ఉత్తరాలు వేడివేడిగా అప్పడాల్లా వచ్చేవి. కారు స్టీరింగ్‌ని నాన్న చేతిరుమాలుతో, మూకుడు పట్టుకున్నట్టు పట్టుకుని ఆఫీస్‌కి డ్రైవ్ చేసేవాడు. అమ్మమ్మ ఫోనులో మొదట అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే, వాన పడిందా అని. ఒకసారి అమ్మ అంది, "నేల మనదేనే అమ్మా. ఆకాశమే మనది కాదు."

రేగడి ఎండితే పగులుతుంది. మా పెరట్లో పగుళ్ళు చెయ్యి పట్టేంత మొదలై, నా లెక్కలో, మొసలి పట్టేంత అయ్యాయి. నాకది పండగ. వాటిలో గోలీలు వేసి శబ్దం వినేదాన్ని. నాన్న టీవీ రిమోట్ పెరట్లో ఒక పగుల్లోకి జారిపోయింది. దాన్ని పెరట్లోకి ఎవరు తెచ్చారో నాన్న అడగలేదు, నేను చెప్పలేదు. మూడు రోజులు ఆయన చానల్ మార్చడానికి టీవీ దాకా నడిచాడు. ఆరోగ్యానికి మంచిదని అమ్మ అంది.

ఇంతలో మునిసిపాలిటీ వాళ్ళు నీళ్ళకి కోత పెట్టారు. పచ్చికకీ మొక్కలకీ వారానికి ఒక్కసారే, అదీ ఇంటి నంబరును బట్టి కేటాయించిన రోజున. కానీ ఇంటి పునాదికి మాత్రం రోజూ కాసేపు పోసుకోవచ్చు. అవును, ఇంటికే. ఇంటి కింద రేగడి ఎండి కుంచించుకుపోతే ఇల్లు ఒరిగి గోడలు చీలతాయి. అందుకని ఇంటి చుట్టూ ఒళ్ళంతా సన్న రంధ్రాలున్న నల్ల రబ్బరు పైపు పరిచి, నేలని తడుపుతూ ఉంటారు. ఆ పైపు నీళ్ళు చిమ్మదు, చెమట పట్టినట్టు కారుస్తుంది. వీధి వీధంతా మనుషులు నిక్కర్లేసుకుని ఇళ్ళకి నీళ్ళు పెడుతుంటే అమ్మ కిటికీలోంచి చూసి నోరు తెరిచింది.

"ఇంటికి నీళ్ళేందండీ? దానికేమన్నా వేళ్ళున్నాయా? పోస్తే ఇంకో గది కాస్తదా?"

"ఫౌండేషన్ మెయింటెనెన్స్ అంటారే దాన్ని. ఇరవయ్యేళ్ళ లోన్ తీసుకున్న ఇల్లు. రోజూ సాయంత్రం పైపు తిప్పు, మర్చిపోకు," అని నాన్న ఆ బాధ్యత అమ్మకే అప్పగించాడు. పాలకి పిల్లిని కాపలా పెట్టడం ఎక్కడో విన్నాను గానీ, ఇంటికి అమ్మని కాపలా పెట్టడం అప్పుడే చూశాను.

అప్పటికి గోంగూర బెత్తెడు మొలకలు. మధ్యాహ్నానికి వాలిపోయి, సాయంత్రానికి లేవడం మానేశాయి. అమ్మ రెండు రోజులు వాటి పక్కన కూర్చుంది. మూడో రోజు లేచి, కొంగు దోపి, ఇంటి చుట్టూ ఉన్న పైపుని ఒక పక్క నుంచి లాగి, పాముని తోక పట్టి ఈడ్చినట్టు ఈడ్చి, గోంగూర మడి చుట్టూ పరిచింది.

"నాన్నొస్తే?" అన్నాను.

"నాన్న ముందు వైపు నుంచి వస్తాడు. ముందు వైపు పైపు ముందు వైపే ఉంది," అంది అమ్మ. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

గోంగూర లేచింది. లేవడం కాదు, విజృంభించింది. నా నడుం దాటింది, భుజం దాటింది. ఎర్ర కాడలు, అరచేతుల్లా విచ్చుకున్న ఆకులు. ఆగస్టు నాటికి అందులో పులి దాక్కుంటే పట్టుకోవడానికి అటవీ శాఖ రావాలి. ఇంకా కొయ్యలేదు. "వాన పడనీ. వాన పడ్డాక కోస్తే రుచి" అని అమ్మ ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు.

అదే వేగంతో ఇల్లు ఒరిగింది. వంటింటి గుమ్మం మీద మెరుపు తీగలా ఒక చీలిక వచ్చింది. నేల మీద పెట్టిన నిమ్మకాయ హాల్లో బయల్దేరి పడకగది దాకా ఒంటరిగా ప్రయాణం చేసేది. అన్నిటికంటే ఘోరం, మా ఒక్కగానొక్క బాత్రూమ్ తలుపు గుమ్మంలో పడ్డం మానేసింది. జానెడు సందు. ఎంత నెట్టినా అంతే.

దాంతో ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. లోపలున్నవాళ్ళు ఆపకుండా గొంతు వినిపించాలి. నాన్నకి ఒకే ఒక్క పాట పల్లవి వచ్చు, దాన్నే ఆద్యంతం పాడేవాడు. అమ్మ ఎక్కాలు చదివేది. పందొమ్మిదో ఎక్కం దాటిందంటే కడుపు బాగాలేదని మాకు తెలిసిపోయేది. నేను అమెరికా రాష్ట్రాల రాజధానులు అప్పజెప్పేదాన్ని. ఆ సంవత్సరం సోషల్ స్టడీస్‌లో నాకు మంచి మార్కులు రావడానికి కారణం టీచరు కాదు, రేగడి.

ఒక శనివారం భోజనానికి నాలుగు కుటుంబాలూ, యూనివర్సిటీలో ఎమ్మెస్ చదువుతున్న ఒక కుర్రాడూ వచ్చారు. నాన్న చట్టం వివరించాడు. అంకుల్స్ తలా ఒక పద్యం అందుకున్నారు. ఎమ్మెస్ అబ్బాయికి పాట రాదు, పద్యం రాదు. అయినా వెళ్ళక తప్పలేదు. తర్వాత లోపల్నుంచి గట్టిగా వినిపించింది: "గుడ్ మార్నింగ్ సర్! ఐ హావ్ సఫిషియెంట్ ఫండ్స్ సర్! ఆఫ్టర్ మై మాస్టర్స్ ఐ విల్ డెఫినెట్లీ కమ్ బ్యాక్ టు ఇండియా సర్!" హాల్లో ఒక అంకుల్ "వీసా అప్రూవ్డ్!" అని అరిచాడు. ఆ నవ్వుకి వంటింటి చీలిక ఇంకో అంగుళం పెరిగిందని నా నమ్మకం.

నవ్వాక నాన్నకి దిగులు పట్టుకుంది. పునాదులు బాగుచేసే మనిషిని పిలిచాడు. ఆయన నేల మీద గోలీ పెట్టి, అది పరిగెడుతుంటే దానివంకా నాన్నవంకా జాలిగా చూశాడు. "ఇంటికి నీళ్ళు పెడుతున్నారా?"

"ఎవ్రీ డే!" అన్నాడు నాన్న ఛాతీ మీద చెయ్యేసుకుని.

ఆయన పైపు పట్టుకుని ఇంటి చుట్టూ నడిచాడు. వెనకాలే నాన్న, నాన్న వెనక నేను. పైపు వంటింటి మూల దాటగానే గోడని వదిలేసి పెరట్లోకి నడిచింది. నడిచి నడిచి గోంగూర అడవిలోకి వెళ్ళిపోయింది. ఆ మనిషి ఆగి, టోపీ తీసి, "సర్, మీ ఇల్లు ఎండిపోయింది. కానీ ఈ పొద మాత్రం... చాలా ఆరోగ్యంగా ఉంది," అన్నాడు. పైపు మళ్ళీ గోడ చుట్టూ పెట్టకపోతే సెప్టెంబరు లోపు ఇంకో రెండు చీలికలు ఖాయమని చెప్పి వెళ్ళిపోయాడు.

అమ్మ వంటింటి కిటికీలోంచి అంతా చూసింది. బయటికొచ్చింది. అరవలేదు. వంగి పైపు చివర పట్టుకుని, మడి చుట్టూ నుంచి విప్పడం మొదలుపెట్టింది. అది కిటికీ దగ్గర కూర్చునే అమ్మ మౌనం.

"ఉంచు," అన్నాడు నాన్న.

"గోడ పగులుద్దంట కదా."

"పగిలితే సిమెంటుతో పూడ్చుకుంటాం. నువ్వెళ్ళిపోతే దేంతో పూడ్చను?"

అన్నాక ఆయనకే సిగ్గేసింది. గోంగూర వైపు తిరిగి, "అయినా ఉల్లిపాయ నంజుకుని గోంగూర పచ్చడి తిని ఎన్నాళ్ళయిందో," అని గొణిగాడు. అమ్మ పైపు చివర పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత దాన్ని మడి చుట్టూ మళ్ళీ సర్దింది. నెమ్మదిగా, జడ అల్లినట్టు.

మర్నాటి నుంచి ఇంటి దాహం తీర్చే పని నాన్న తీసుకున్నాడు. మేం స్నానం చేసిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, అన్నీ బకెట్లలో పట్టి, లుంగీ కట్టుకుని, చెంబుతో ఇంటి చుట్టూ పోసుకుంటూ తిరిగేవాడు. పొద్దున ఒక ప్రదక్షిణ, సాయంత్రం ఒకటి. వీధిలో కార్లు నెమ్మదించేవి. ఒక సాయంత్రం ట్రాక్టర్ బామ్మ ఆ దృశ్యం చూసి కంచె దగ్గరికొచ్చింది.

"మీ డాడీ చేసేది ప్రార్థనా, బేబీ?"

నేను అమ్మని అడిగాను. అమ్మ కాస్త ఆలోచించి, "అవునని చెప్పు. అదీ ప్రార్థనే," అంది.

"వాన కోసం ఇంటికి అభిషేకం. వానొచ్చేదాకా ఆపకూడదు. ఆపితే మొదటి నుంచీ మొదలెట్టాలి," అన్నాను నేను, పోపుతో సహా.

బామ్మ ఎండిన తన పత్తి చేను వైపు చూసింది. "ఆదివారం మా చర్చిలో కూడా చెప్పిస్తా. ఎవరిది ముందు వినబడితే ఏం," అంది.

అప్పట్నించి ఇద్దరూ కంచెకి అటూ ఇటూ నిలబడి వాన జాడలు వెతికేవారు. చీమలు గుడ్లు మోసుకెళ్తున్నాయి, ఎల్లుండికి వాన ఖాయమని అమ్మ. ఆవులు పడుకున్నాయి, రేపేనని బామ్మ. అమ్మ వానని తొమ్మిదిసార్లు, బామ్మ పదకొండుసార్లు రప్పించారు. ఒక్కటీ రాలేదు. ఓడిపోయిన ప్రతిసారీ బామ్మ పీచ్ పళ్ళతో దాల్చినచెక్క వాసనేసే కాబ్లర్ అనే తీపి వంటకం చేసి తెచ్చేది. అమ్మ మిరపకాయ బజ్జీలు ఇచ్చేది. అందువల్ల వాన రాకపోవడం నాకైతే లాభంగానే ఉండేది.

చివరికి వాన ఎవరూ పిలవని రోజున వచ్చింది. ఉత్తరాన్నుంచి చల్లగాలి కొట్టింది, మబ్బు పట్టింది, ముసురు దిగింది. మొదటి చినుకులకి రేగడి లేపిన వాసన ఉంది చూడండీ, దాన్ని సీసాలో పట్టి అమ్మితే అత్తరు వాళ్ళు అడుక్కుతినాలి. పగుళ్ళు గటగటా తాగాయి. నేల ఉబ్బింది. ముసురు పట్టిన రెండో రోజో మూడో రోజో పొద్దున నాన్న బాత్రూమ్‌లో పల్లవి ఎత్తుకున్నాడు. మధ్యలో టక్కుమని శబ్దం. పల్లవి ఆగింది.

"ఏమే! తలుపు పడింది!"

నేను సంతోషంగా చప్పట్లు కొట్టాను. మరుక్షణం, "ఏమే! తలుపు రావట్లేదు!"

అమ్మ వినలేదు. అమ్మ పెరట్లో ఉంది. తలమీద గుడ్డ కూడా లేకుండా నిలువునా తడుస్తూ, గోంగూర కోస్తోంది. ఒళ్ళో నింపుకుని, కాళ్ళకి చెప్పుల్లేకుండా రేగడి బంకని ఏనుగు పాదాల్లా అంటించుకుని, హాల్లోకొచ్చి బాత్రూమ్ తలుపు ముందు నిలబడింది. ఆ గొంతుకి పల్నాటి కాకులు కూడా వరస కట్టి ఉంటాయి.

"ఏమండీ! దసరాకి టికెట్ వద్దండీ!"

లోపల్నుంచి నాన్న గొంతు, తడిగా. "సరే. ముందు తలుపు తియ్యవే."

తియ్యడం మా వల్ల కాలేదు. నేను కంచె దాకా పరిగెత్తితే ట్రాక్టర్ బామ్మ బూట్లతో సహా గునపం పట్టుకుని వచ్చింది. ట్రాక్టర్ తెమ్మంటారా అని కూడా అడిగింది. తలుపు ఊడింది, గుమ్మం సగం ఊడింది. నాన్న లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చి బామ్మకి నమస్కారం పెట్టాడు. అమ్మ మొదటి కోత మొదటి కట్ట బామ్మ చేతిలో పెట్టింది. ఆ మధ్యాహ్నం నలుగురం వేడి అన్నంలో గోంగూర పచ్చడి, నెయ్యి కలుపుకుని తిన్నాం. మొదటి ముద్దకి బామ్మ ఒక కన్ను మూసుకుంది, రెండో ముద్దకి రెండోదీ మూసుకుంది. మూడో ముద్దకి రెండూ తెరిచి, ఇంకొంచెం పెట్టమంది.

ఆవిడ పత్తికి ఆ వాన ఆలస్యంగానే వచ్చింది. చేలో సగమే దక్కింది. కానీ మరుసటి ఏప్రిల్‌లో బామ్మ కంచె దగ్గర నిలబడి, "నక్షత్రం ఏమంటోంది?" అని అడిగితే, అమ్మ దుబాసీ అవసరం లేకుండా సొంత ఇంగ్లీషులో, "స్టార్ ఇన్ ఇండియా. హియర్, యూ టెల్," అంది.

ఇప్పుడా చేను లేదు, కంచె లేదు, బామ్మ లేదు. పత్తి పండిన చోట ఇండియన్ స్టోర్ ఉంది. ఏడాది పొడుగునా గోంగూర కట్టలు రబ్బరు బ్యాండు వేసి అమ్ముతారు. బండి పార్క్ చేసినప్పుడల్లా తారు మీద సన్నటి పగుళ్ళు కనిపిస్తాయి. కింద రేగడి ఇంకా దాహంగానే ఉంది. నేను దానికో నమస్కారం పెట్టుకుంటాను. మాకు అమ్మని మిగిల్చిన మట్టి అది. ఓ గోలీ వెయ్యాలనిపిస్తుంది గానీ, వయసు అడ్డొస్తుంది.

మా ఇళ్ళలో ఇప్పుడు వాన పడిందా అని ఎవరూ అడగరు. తలుపు పడిందా అంటారు. అదుగో, ఫోను మళ్ళీ మోగుతోంది. ఇప్పుడు ఎత్తుతాను.

"తలుపు పడిందా అమ్మా?"

"పడింది నాన్నా. మీది?"

"మాదీ పడింది."

"అమ్మేది?"

"ఇంకెక్కడ, గోంగూర దగ్గర తడుస్తా ఉంది. కేకేస్తే వినపడట్లా."

"నువ్వెక్కడున్నావు?"

"లోపలే ఉన్నా. ఫోన్ తెచ్చుకోబట్టి సరిపోయింది."

"అయ్యో, వస్తున్నా ఉండు!"

"తొందరేం లేదులే. దాన్ని తడవనీ," అన్నాడు నాన్న. ఫోను పెట్టెయ్యబోతుంటే వినిపించింది, లోపల్నుంచి, ఆ ఒకే ఒక్క పల్లవి.